కంప్యూటరు కసిరిన మాట

ఆ ఫిల్టరు పెట్టించింది లైబ్రేరియనే. పిల్లలు లైబ్రరీ కంప్యూటర్లలో చూడకూడనివి చూస్తున్నారని తల్లిదండ్రులు గోల పెడితే, అసభ్యమనిపించిన మాటలన్నీ తనే కూర్చుని అందులో ఎక్కించాడు. వాటిలో ఏది కొట్టినా పేజీ తెరుచుకోదు. మొదట్లో తెర ఊరికే ఖాళీగా ఉండిపోయేది, తర్వాత ఎర్రబడి కుయ్యిమనేలా చేశాడు. లైబ్రరీ కంప్యూటర్ల గురించిన చట్టం అడ్డుకోమన్నది పిల్లల్ని మాత్రమే. పెద్దవాళ్లు అడిగితే తాళం తీయాలి. వాళ్లకు వేరే ఏర్పాటు చేయడానికి బద్ధకించి, అన్నిటికీ ఒకటే తాళం బిగించాడు. పైఅధికారి మెచ్చుకున్నాడు. కొన్నాళ్లు మనిషి కాళ్లు నేల మీద ఆనలేదు.

ఆ ఉదయం మూల కంప్యూటరు కుయ్యిమంది. దాని ముందు పక్క వీధిలో బట్టలు కుట్టే టైలరక్క.

"ఏమ్మా, ఏం చూస్తున్నావక్కడ? ఇది లైబ్రరీ!" కుర్చీలోంచే అరిచాడు లైబ్రేరియన్.

రోజూ పేపరు కోసం వచ్చే రిటైర్డ్ పోస్టుమాస్టరు కళ్లజోడు పైకెత్తాడు. "కొత్త ఫ్యాషన్లు వెతుకుతోందేమో లెండి!"

అందరూ నవ్వారు. లైబ్రేరియనూ నవ్వాడు. టైలరక్క సంచీ అందుకుని, ఎవరి మొహమూ చూడకుండా వెళ్లిపోయింది.

లైబ్రేరియన్ కంప్యూటరు ఆపడానికి వెళితే, ఆమె కొట్టిన అక్షరాలు వెతికే పెట్టెలో అలాగే ఉన్నాయి: రొమ్ములో గడ్డ నొప్పి లేదు.

ఆ అక్షరాలు చెరిపేసి కంప్యూటరు ఆపాడు.

మధ్యాహ్నం భోజనానికి ఇంటికెళ్లి, ముద్ద దిగక, భార్యతో చెప్పాడు. "అడిగి ఉంటే తీసేవాణ్ణిగా. ఆ వీలు చట్టంలోనే ఉంది."

"ఏమని అడగాలి? అంతమంది మగాళ్ల మధ్య ఆ మాట గట్టిగా అని అడగాలా?" అందామె. "నాకే వస్తే మీ దగ్గర కూడా ఛాతీ అనే నసుగుతాను. ఆవిడ ఎంత గుండె చిక్కబట్టుకుని వచ్చిందో! మీరేమో ఇకిలించారు."

అడిగితేనే తెరవాలని రాసినవాళ్లకు, అడగలేని మనిషి ఎప్పుడూ ఎదురుపడలేదు కాబోలు. అతనికి మాత్రం ఎదురుపడింది. తనే తరిమేశాడు.

తిరిగొచ్చి పెద్దవాళ్లకు కొన్ని కంప్యూటర్లు వేరుచేసి, వాటికి ఫిల్టరు తీసేశాడు. ఎంతోసేపు పట్టలేదు. ఇంత చిన్న పనికా బద్ధకించానని మరింత సిగ్గేసింది. అప్పుడు టైలరక్క కొట్టుకు వెళ్లాడు. ఆమె ఎవరిదో చొక్కా కుడుతోంది, మిషను ఆపలేదు.

"పొద్దున తప్పు నాదేనమ్మా. ఆ అడ్డు తీసేశాను."

"నేనేం చూడలేదు సార్. చెయ్యి తగిలి ఏదో వచ్చింది."

"నేను చూశానమ్మా, నువ్వు కొట్టింది."

మిషను ఆగింది. ఆమె మొహంలో రంగు మారింది. "అది కూడా చూశారా!"

తప్పు దిద్దుకోబోయి ఇంకోటి చేశానని అతనికి అప్పుడు తెలిసింది. తల వేలాడేసుకుని నిలబడ్డాడు.

ఆమె చొక్కా పక్కన పెట్టి అడిగింది. "ఇప్పుడు తెరుచుకుంటుందా?"

"తెరుచుకుంటుంది."

"లోపల ఎవరూ ఉండకూడదు. మీరు కూడా."

"సరేనమ్మా."

లైబ్రరీలో ఉన్న ఇద్దరిని బతిమాలి పంపేసి, ఆమెను లోపల కూర్చోబెట్టి, తను బయట ఎండలో నిలబడ్డాడు. పోస్టుమాస్టరు మళ్లీ వచ్చాడు.

"ఏంటండీ, గుమ్మంలో కాపలా?"

"లోపల ఒకావిడ చదువుకుంటున్నారు. కాసేపాగి రండి."

"ఆ టైలరమ్మేనా? ఏం చదువుతోందేమిటి?"

"అది మనకనవసరం. పొద్దున మనం నవ్వకుండా ఉండాల్సింది."

పోస్టుమాస్టరు మెట్లు దిగి వెళ్లిపోయాడు.

టైలరక్క బయటికొచ్చేసరికి కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"నొప్పి లేకపోయినా వెంటనే చూపించుకోవాలట సార్. రేపు ఆస్పత్రికి వెళ్తున్నా."

"మంచిదమ్మా. తోడు కావాలంటే మా ఆవిడ వస్తుంది."

ఆమె ఒక మెట్టు దిగి ఆగింది. "ఎండాకాలంలోనూ ఓసారి వచ్చి ఇదే వెతికా. అప్పుడింకా ఈ మోత లేదు, తెర ఊరికే తెల్లగా వచ్చింది. ఎక్కడా రాసి లేదంటే పెద్ద జబ్బేం కాదులే అనుకుని వెళ్లిపోయా."

లైబ్రేరియన్ చెయ్యి తలుపు పట్టుకుంది.

"మీ ఆవిణ్ణి పొద్దున్నే పంపండి," అని ఆమె వీధిలోకి నడిచింది.