నాయన కట్టిన క్యారియరు

మా నాయన అనంతపురంలో ఆటో తోలేవాడు. నేను డిగ్రీలో చేరిన ఏడాది, స్టేషను దగ్గర ఒక బండి గుద్ది ఆయన కుడికాలు విరిగింది. కాల్లో రాడ్డు వేసి, కొన్ని నెలలు బరువు మోపవద్దని చెప్పి ఇంటికి పంపారు. అప్పటిదాకా ఇంట్లోనే జాకెట్లు కుట్టే అమ్మ, ఊరి చివర రెడీమేడ్ బట్టలు కుట్టే యూనిట్లో మిషను పనికి చేరింది. పొద్దున పోతే దీపాలు పెట్టే వేళకు వచ్చేది. ఇంట్లోకి వచ్చే సంపాదన అదొక్కటే.

అమ్మకు వంట రాదని కాదు. మిషను దగ్గర ఉండే ఓపిక పొయ్యి దగ్గర ఉండేది కాదు. కుట్టు కాస్త వంకర పోతే విప్పి మళ్ళీ కుట్టే మనిషి, పప్పును మాత్రం ఉడికీ ఉడకకముందే దించేసేది. నాయన ఏనాడూ వంక పెట్టలేదు. ఊరంతా తిరిగేవాడు కాబట్టి ఏ బండి దగ్గర బొరుగుల ఉగ్గాణి బాగుంటుందో, ఏ మెస్సులో చారు బాగుంటుందో ఆయనకు తెలుసు. నాలుక చవి అక్కడ తీర్చుకునేవాడు. కాలు విరిగాక ఆ దారి మూసుకుపోయింది.

అమ్మ తెల్లవారకముందే వండిపెట్టి పోయిన చల్లటి అన్నం, నీళ్ళ పప్పు కొన్నాళ్ళు తిన్నాడు. ఒక ఉదయం అమ్మ గడప దాటగానే నన్ను పిలిచాడు.

"పాపా, ఈ మంచం వంటింట్లోకి జరుపు. పొయ్యి కిందికి దించి నా ముందర పెట్టు."

"ఎందుకు నాయనా?"

"కాలు కదా విరిగింది. చేతులు బాగానే ఉండాయి."

ఇనుప పెట్టె మీద పొయ్యి పెట్టాను. ఆయన మంచం మీద కూర్చుని, కట్టు కట్టిన కాలు ఒక స్టూలు మీద చాపుకుని, మొదటిసారి రాగిసంగటి చేశాడు. ముద్ద విరిస్తే లోపల పచ్చిపిండి. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. విరిగిన ముద్దను చేతిలో పట్టుకుని కాసేపు చూసి, "నీళ్ళు బాగా మరగల్ల. నేను తొందరపడినా," అన్నాడు. మరుసటి రోజు సంగటి నున్నగా, వేడిగా, చేతికి అంటకుండా వచ్చింది. అమ్మ రాత్రి తింటూ ఇంకో ముద్ద అడిగింది.

ఆ తరువాత ఆయనను ఆపడం మా వల్ల కాలేదు. కందిపప్పు మాకు అందని సరుకైపోయింది కాబట్టి ఉలవలు, అలసందలు తెప్పించేవాడు. ఉలవలు ఉడికిన నీళ్ళు చారుకు, గింజలు తాలింపుకు. గ్యాసు మిగలాలని, కుక్కరు రెండు కూతలు కూయగానే దించి పాత దుప్పటిలో చుట్టి పెట్టేవాడు. ఆ వెచ్చదనానికే గింజలు మెత్తబడేవి. బీరకాయ తొక్కుతో పచ్చడి, కలింగర పండు, అదే పుచ్చకాయ, తిన్నాక మిగిలిన తెల్లటి కండతో కూర. వాన పడిన వారంలో కాలేజీ నుంచి వచ్చేటప్పుడు గట్ల మీద గురుగాకు కోసుకు రమ్మనేవాడు. నాకు మొదట సిగ్గుగా ఉండేది. ఆ ఆకు పచ్చిమిరపకాయలతో ఉడికించి, ఎనిపి, తెల్లగడ్డ తాలింపు వేస్తే ఆ వాసనకు సిగ్గు పోయేది.

అన్నిటికంటే ఆయన చేతిలో కుదిరింది ఊరుబిండి. మా వైపు చెనిక్కాయలు, అంటే వేరుశనగలు, మిరపకాయలు, చింతపండు, టమేటా కలిపి రోట్లో దంచే పచ్చడి. చిట్లిన చెనిక్కాయ విత్తనాలు తక్కువకు దొరికేవి. వాటిని సన్నని మంట మీద, దేన్నో కాపలా కాస్తున్నట్టు కూర్చుని వేయించేవాడు. కడాన, అన్నీ నలిగాక, పచ్చి ఎర్రగడ్డ, అంటే ఉల్లిపాయ, వేసి ఒకటి రెండు దెబ్బలు మాత్రమే. ఎర్రగడ్డ నలగకూడదు, పంటి కింద పడాలి.

అమ్మకు క్యారియరు కూడా ఆయనే కట్టడం మొదలుపెట్టాడు. యూనిట్లో మధ్యాహ్నం ఆడవాళ్ళంతా కలిసి కూర్చుని తినేవాళ్ళు. పక్క మిషను మీద కుట్టే ఒక ముస్లిం ఆమె, అమ్మకంటే కాస్త పెద్దది, మొదటి రోజే ఊరుబిండి రుచి చూసి, "నువ్వే చేసినావా?" అని అడిగిందట. అమ్మ అవునని తల ఊపేసింది. ఇంట్లో మగవాడు వండుతున్నాడంటే అక్కడ ఏమంటారో, కాలు విరిగిన మనిషిని చూసి నవ్వుతారేమో అని భయం. ఇంటికి వచ్చి ఆ సంగతి చెప్పినప్పుడు నాయన నొచ్చుకుంటాడేమో అనుకున్నాను.

"డబ్బా ఖాళీ అయ్యిందా లేదా?" అని మాత్రం అడిగాడు.

"నాకు రెండు మెతుకులు కూడా మిగలనీయలేదు."

ఆయన ముఖం వెలిగిపోయింది. మరుసటి రోజు నుంచి క్యారియరులో ఒక గిన్నె ఎక్కువ.

చిక్కు అక్కడే వచ్చింది. పక్క మిషను ఆమె ఎట్లా చేయాలో చెప్పమనేది. అమ్మ సాయంత్రం నాయనను అడిగి తెలుసుకుని, మర్నాటికి సగం మరిచిపోయి, తోచింది చెప్పేది. పాపం, ఆమె ఇంటికి పోయి చేసుకుని, బాగా రాక మళ్ళీ వచ్చి అడిగేది. చివరికి ఒకరోజు ఆమెకు విసుగొచ్చింది.

"నువ్వు ఏందో దాస్తాండావు చెల్లీ. ఆదివారం మీ ఇంటికి వస్తా. నువ్వు చేస్తాంటే పక్కన కూర్చుని చూస్తా."

ఆదివారం ఆమెతోపాటు ఇంకో ఇద్దరు వచ్చారు. మేము పొయ్యి మళ్ళీ గట్టు మీదికి ఎక్కించాము. నాయన మంచం వంటింటి కిటికీ అవతల పెరట్లో వేశాము. "నోరు మెదపగాకు," అని అమ్మ ఆయనకు మరీ మరీ చెప్పింది.

అమ్మ బాణలి పెట్టి చెనిక్కాయలు వేసింది. మంట పెద్దది. ఒక చేత్తో కలుపుతూ వాళ్ళతో మాటల్లో పడింది. కిటికీలోంచి గొంతు వినిపించింది.

"మాడతాండాది! దించు, దించు!"

అందరూ అటు చూశారు. అమ్మ గబగబా బాణలి దించి, "మా ఆయన. ఊరికే అరుస్తాడు," అంది. ముఖమంతా చెమట.

తరువాత రోలు ముందు కూర్చుంది. చింతపండుకు ముందే ఎర్రగడ్డలు వేసి దంచసాగింది. రోటి చప్పుడు మారడం పెరట్లోకి వినిపించినట్టుంది. చంకకర్ర టక్కుటక్కుమంటూ వచ్చి నాయన గడపలో నిలబడ్డాడు.

"ఏమే, ఎర్రగడ్డ కడాన కదా ఎయ్యాల్సింది! నీళ్ళు ఊరి అంతా ఖరాబైతాది!"

అమ్మ రోకలి పట్టుకుని తల దించుకుంది. పక్క మిషను ఆమె ఒకసారి అమ్మను, ఒకసారి నాయనను చూసింది.

"అన్నా, ఇన్ని దినాలు మేం తినింది నీ చేతి వంటనా?"

నాయన తడబడ్డాడు. "ఇంట్లో ఊరికే కూసోలేక..." అన్నాడు.

"మా ఆయన తాగే నీళ్ళు కూడా ముంచుకోడు," అని ఆమె లేచి తన పీట ఆయన ముందుకు జరిపింది. "కూసో అన్నా. మొదటి నుంచి చెప్పు. చెల్లీ, నువ్వు లేచి ఇట్ల రా, నీకూ ఏం తెలీదు, నాకూ ఏం తెలీదు."

అమ్మ నవ్వడం మొదలుపెట్టింది. కళ్ళల్లో నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. దంచినదంతా తీసేసి, నాయన పీట మీద కాలు చాపుకుని కూర్చుని మళ్ళీ మొదలుపెట్టాడు. తీసేసింది కూడా పారేయనివ్వలేదు. సాయంత్రం దాంట్లో ఉడికిన వంకాయలు వేసి కూర చేశాడు. వాళ్ళు ఆ కూర కూడా తినే పోయారు.

సోమవారం యూనిట్లో అమ్మ క్యారియరు విప్పుతూ, "ఈ పొద్దు మా ఆయన అలసందలు చేసినాడు," అని అందరికీ వినబడేటట్టు చెప్పిందట. ఆ మాట అనడానికి పొద్దున్నుంచీ కాచుకుని ఉన్నానని ఇంటికి వచ్చి మాకు చెప్పింది. నాయన ఉలవలు ఏరుతూ తల ఎత్తలేదు గానీ, చెవులు మా వైపే ఉన్నాయి. పక్క మిషను ఆమె తరువాత తమ ఇంటి ఖట్టా చేయడం ఆయనకు నేర్పింది. మాంసం లేని రోజు ఆ పుల్లటి చారు ఉంటే ఇంకేమీ అక్కర్లేదనేది. అది నిజమే.

కాలు అతుక్కున్నాక నాయన మళ్ళీ ఆటో ఎక్కాడు. అయినా పొద్దున వంట, అమ్మ క్యారియరు ముగించే బయలుదేరతాడు. నేను ఇప్పుడు గార్లదిన్నెలో ఉద్యోగం చేస్తూ అక్కడే ఉంటున్నాను. నెలాఖరు వచ్చేసరికి నా వంటింట్లోనూ డబ్బాలు తేలికవుతాయి. అప్పుడు ఆయనకు ఫోను చేస్తాను. బాగున్నావా అని కూడా అడగడు.

"సంతలో ఏం అగ్గువగా ఉండాది పాపా?"

"ముల్లంగి తెచ్చినా నాయనా."

"ఆకులుండాయా, కోసేసి ఇచ్చినాడా?"

"కోసేసినాడు."

"అయ్యో, సగం కూర ఆడనే పోయె కదమ్మా!"