అత్తవాళ్లింట్లో నిద్ర

నిజామాబాద్ డాక్టర్ ఇచ్చిన నిద్రమాత్రలు నాకు పనిచేయడం మానేశాయని అత్తవాళ్లింటికి పోయేదాకా ఎవరికీ చెప్పలేదు. బాపుకైతే అసలే చెప్పలేదు. నన్ను కన్న అవ్వ పోయినప్పటి నుంచి, నేను నిద్రపోయానని తెలిస్తే గాని ఆయన నడుం వాల్చేవాడు కాదు. అందుకే మాత్ర మింగి, గోడవైపు తిరిగి, ఊపిరి మెల్లగా తీసేదాన్ని. గానుగాట కాలం కదా, బోధన్ అంతా చెరుకు రసం ఆవిరిలో నానుతుండేది. చక్కెర ఫ్యాక్టరీ హోరు వింటూ, పగలు చదివిన నవలలోని మనుషులను పక్కన కూర్చోబెట్టుకునేదాన్ని. తెల్లవారేలోపు వాళ్లే ఆవులించేవాళ్లు.

మా వైపు మనిషి పోయిన ఇంటివాళ్లను చుట్టాలు తీసుకుపోయి ఒక రాత్రి తమ ఇంట్లో ఉంచుకుంటారు. దాన్ని నిద్ర చేయడం అంటారు. కోటగిరి నుంచి మేనత్త వచ్చింది.

“అన్నా, నీకు డ్యూటీ ఉండె. పిల్లనన్న నిద్రకు తోల్కపోత.”

నిద్ర పట్టకపోతే ఆ నిద్ర చెల్లదని, ఇంటికి మళ్లీ కీడు తగులుతుందని నాకు నేనే అనుకున్నాను.

అత్త పక్కన కళ్లు మూసుకునే తెల్లవార్చాను. పొద్దున కాలువ గట్టున ఆమె నోట్లోంచి వేపపుల్ల తీసింది.

“మస్తు ఏసమేసినవ్ బిడ్డా. నిద్రవొయ్యేటోళ్లు గంత సక్కగ పంటరా? మీ మామను సూడు, నోరు తెరిస్తే ఈగలు కాపురం వెడ్తయ్.”

నవ్వబోయి ఏడ్చాను. “మాత్రలు పనిచేస్తలేవత్తా. మరి నిద్ర చెల్లదా?”

“ఎవలన్నరు? నీ పుస్తకాలల్ల రాసిందా? నిద్ర జేసుడంటే కండ్లు మూసుడు గాదు, మా ఇంట్ల ఉండుడు. ఉన్నవ్, అయిపాయె.”

“బాపుకు చెప్పకు.”

“నాకు జెప్పిందే మీ బాపు. నువ్వు పంటలేవని ఎరికే. ఆయన పంటలేడని తెలిస్తే నువ్వు రంది వడ్తవని ఆయన గూడ నీ లెక్కనే గోడదిక్కు తిరుగుతుండట.”

ఒకే ఇంట్లో, రెండు గోడల వైపు తిరిగి, ఒకరి కోసం ఒకరం ఊపిరి దిద్దుకున్నామన్నమాట. ఇంటికి పోగానే బాపుతో ఏమనాలో వెతుక్కుంటూ కూర్చున్నాను. అత్త చెరుకు తోట నీడలో గొంగడి పరిచింది. నిజాంసాగర్ కాలువ నీళ్లు చప్పుడు లేకుండా పోతున్నాయి. ఎవరో పెద్ద పుస్తకం తిరగేస్తున్నట్టు చెరుకు ఆకులు గరగరమంటున్నాయి. నా తల అత్త ఒడిలోకి ఎప్పుడు చేరిందో తెలియదు. ఆమె మాట మాత్రం ఎక్కడో నీళ్ల అవతలి నుంచి వినిపించింది.

“నిద్ర రాకున్నా మంచిదే. ఊకె ఒరుగు బిడ్డా, నేనీడ్నే ఉన్న.”