హుస్సేన్ బీ బంతిసాళ్లు

కట్టంగూర్ చుట్టుపక్కల ఊర్లలో మెత్త గట్టిపడినా, పరుపు ఉండలు కట్టినా అందరి నోటికీ వచ్చే పేరు తాజుద్దీన్‌ది. విల్లు భుజాన వేసుకొని ఇల్లిల్లూ తిరిగి దూదేకేవాడు. ఏకిన దూదిని గుడ్డ గలీబుల్లో కూరి కుట్టేది ఆయన భార్య హుస్సేన్ బీ. ఏండ్ల తరబడి ఆ దూది నుసే లోపలికి పోయి తాజుద్దీన్‌కు దమ్ము పట్టుకుంది. విల్లు గోడకెక్కింది. అప్పుడు హుస్సేన్ బీ ఊరి పటేలు మెట్ట చెల్క కౌలుకు పట్టి పత్తి పెట్టింది. ఏకుడు పోతే పండిద్దాం, దూది మనల్ని ఇడిచిపెట్టేటట్టు లేదని మొగనితో అని నవ్వింది.

ఆ నవ్వు మొదటి ఏడుతోనే పోయింది. పచ్చపురుగు పడింది. మందు కొట్టినా చావలేదు. దాని తిండి తీరే వేరు. ఒక్క కాయనైనా సాంతం తినదు. తల లోపల పెట్టి, ఒళ్లు బయటే ఉంచి, జర తిని ఇంకో కాయకు పోతుంది. కొరికిన కాయ కుళ్లి రాలుతుంది. ఆకలికి తింటే బాధ లేదు, అన్నీ ఎంగిలి చేసి పోవుడేందని ఆమె దుఃఖం. ఈసారి కూడా పంట రాకుంటే చెల్క వేరేవాళ్లకిస్తానని పటేలు మెల్లగానే చెప్పాడు. మెల్లగా చెప్పిన మాట కాబట్టే ఆమెకు గుండెల్లో దిగబడింది.

తొంభై ఏడులో రేడియోలో ఒక మాట విన్నది. పత్తి నడుమ బంతి పెడితే, పచ్చపురుగును కనే రెక్కల పురుగు వచ్చి ఆ పూల మీదనే ఎక్కువగా గుడ్లు పెడుతుందట. హుస్సేన్ బీ గట్ల వెంట, సాళ్ల మధ్య బంతి నాటింది. నిజంగానే పురుగు పూలను మరిగింది, కాయలు చాలావరకు బాగున్నాయి. రోజూ పొద్దు వాలేవేళ అసర్ నమాజు అయినంక పురుగు పట్టిన పూలు తెంపి నీళ్ల కుండలో వేసేది. నీ జీవాలే, మాఫ్ చెయ్యమని అల్లాకు చెప్పుకునేది.

ఇంతలో బతుకమ్మ వచ్చింది. వానలు సరిగా లేక ఊర్లో ఇంకెక్కడా బంతి పూయలేదు. పక్కింటి సత్తమ్మ పూలడిగింది. హుస్సేన్ బీ చేన్లో ఉన్నప్పుడు తాజుద్దీన్‌కు వేళకు జొన్న గటక పోసేది ఆ సత్తమ్మే. కావలసినన్ని తెంపుకోమని చెప్పి, హుస్సేన్ బీ మొగనికి దమ్మెక్కువైతే నకిరేకల్ దవాఖానకు తీసుకపోయింది.

ఆడోళ్లు సంబురంగా చేన్లో దిగారు. పూలల్లో పురుగులు కనబడ్డాయి. పురుగున్న పువ్వు అమ్మకు పెట్టరాదు, పండుగపూట జీవిని చంపరాదు. అందుకని ఒక్కో పువ్వును పైలంగా దులిపి, పురుగులను పత్తి సాళ్లలో వదిలి, గంపలు నింపుకొని పోయారు.

నాలుగు రోజులకు దవాఖాన నుంచి వచ్చేసరికి కాయలకు రంధ్రాలు. హుస్సేన్ బీ సాలు సాలూ తిరిగి చూసింది. రేడియో మాటే అబద్ధమనుకుంది. సత్తమ్మ కోడలు అండాలు వచ్చి, చేతులు కొంగులో దాచుకొని నిలబడింది.

"అత్తా, పూలల్ల పురుగులను మేమే ఈడ దులిపినం. చంపితే పాపమైతదని."

హుస్సేన్ బీ తొలిచిన కాయ ఒకటి తెంపింది. "పాపమని భయపడ్డరు, మంచిదే," అన్నది. "బంతి ఎందుకు పెట్టిన్నో నేను చెప్పకపోతి."

మర్నాడు తెల్లారేసరికి ఆడోళ్లంతా పాతచీరలతో వచ్చారు. సత్తమ్మ గంపలో మూసి తన కోళ్లను కూడా తెచ్చింది. పొద్దుటిపూట పురుగు కొమ్మల చివర మేస్తుంటుంది. మొక్కల కింద చీరలు పరిచి కొమ్మలు దులిపితే టపటపా రాలాయి. "పురుగులకు దావత్ ఇచ్చినం గదా, ఇగ మా కోళ్లకు గూడ ఇద్దాం," అన్నది సత్తమ్మ. చాలా రోజులకు హుస్సేన్ బీ నవ్వింది. పురుగు పలచబడేదాకా, కూలికి పోయేముందు రోజూ వచ్చి దులిపారు. ఒక్కరూ కూలి అడగలేదు, ఆమె చేతి చాయ్ తాగి పోయేవాళ్లు.

కింది కాయలు పోయాయి. పై కాయలు దక్కాయి. పత్తి ఏరేటప్పుడు పటేలు గట్టు మీద నిలబడి చూసి, వచ్చే ఏడు కూడా నువ్వే దున్నుకో అని పోయాడు.

మరుసటి ఏడు బతుకమ్మకు హుస్సేన్ బీ తానే చేన్లో నిలబడింది. దులపొద్దు, పురుగుతో సహా గంపలో వేసుకపోన్రి అని చెప్పింది. అమ్మకు పురుగుల పూలు పెట్టుడెట్లనే అని సత్తమ్మ నసిగింది.

"పెట్టు వదినా," అన్నది హుస్సేన్ బీ. "అమ్మను చెరువుల ఇడిసేదాకా పురుగుకు గూడ పండుగనే."