పిల్లి చెవిలో కాఫీ పిప్పి

మా పిల్లి తల విదిలించడం మొదలుపెట్టగానే నాకు మొదట అనుమానం వచ్చింది మా అత్తగారి మీద. కారణం లేకపోలేదు. దాని చెవి దగ్గర వెల్లుల్లి కాచిన నూనె వాసన వేసింది. మా ఇంట్లో ఎవరికి చెవిపోటొచ్చినా ఆవిడ చేసే మొదటి పని ఆ నూనె పొయ్యడమే. అడిగితే దాచలేదు. గోక్కుంటుంటే చూడలేక రెండు చుక్కలు వేశానంది. ఆవిడకి పిల్లి మీద అంత జాలి ఉందని నాకప్పుడే తెలిసింది.

గోకుడు తగ్గలేదు. చెవి వెనక జుట్టు ఊడి ఎర్రటి గీరలు తేలాయి. లోపల నల్లగా, కాఫీ వడగట్టాక మిగిలే పిప్పిలాంటి పొడి. అత్తగారు గజ్జి అని తేల్చేసి, ఇంటిల్లిపాదికీ అంటకముందే కొవ్వూరులో వదిలేసి రమ్మని మా ఆయనకి చెప్పింది. రాజమండ్రిలో పిల్లిని వదిలించుకోవాలనుకున్నవాళ్లు చేసే పని అదే. ఈ ఒడ్డున ఎక్కడ వదిలినా తిరిగొస్తుందట, గోదావరి దాటిస్తే రాదట. ఆయన ఆ సాయంత్రమే స్కూటరుకి గాలి కొట్టించుకొచ్చి, అటక మీంచి గోనెసంచి దింపి దులిపారు. ఇన్నేళ్ల కాపురంలో నేను అడక్కుండా ఆయన దులిపిన వస్తువు అదొక్కటే.

మర్నాడు పొద్దున్నే పిల్లిని మూతబుట్టలో పెట్టుకుని పశువుల డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఆయన్నీ నేను నమ్మలేదు. చెవిలోకి ఒక్కసారి చూసి, సన్న పురుగులండి, మైట్స్ అంటారు అనేశారు. అంత తొందరగా చెప్పేస్తే నాకు ముందు డాక్టరు మీదే అనుమానం. ఉత్త మురికి కాదని ఎలా చెప్తారని అడిగాను. ఆయన దూదితో కాస్త పొడి తీసి, నల్ల కాగితం మీద దులిపి, లైటు కింద పెట్టి భూతద్దం నా చేతికిచ్చారు. తెల్లటి నలకలు. చూస్తుండగానే ఒకటి కదిలింది. వెంటనే నా చెవి దురద పెట్టింది.

"ఇంట్లో ఇంకే జంతువులున్నాయండి?"

"మా అత్తగారి కుక్క ఉందండి. అది పిల్లి మొహం కూడా చూడదు."

"మొహం చూడక్కర్లేదండి, ఒకచోట పడుకుంటే చాలు. దాన్నీ తీసుకురండి. లేకపోతే దీనికి తగ్గినా మళ్లీ వస్తుంది."

నూనెలు పొయ్యొద్దన్నారు, పుల్లలతో లోపల కెలకొద్దన్నారు. చెవి శుభ్రం చేసి, మెడ వెనక నాలుక అందనిచోట మందు వేశారు. కుక్కమందు మాత్రం పొరపాటున కూడా పిల్లికి వెయ్యొద్దని, కొన్ని దాని ప్రాణం మీదికి తెస్తాయని హెచ్చరించారు. మనుషుల మీద ఈ పురుగులు నిలవవన్నారు. ఆ ముక్క ఆయనచేత రెండోసారి చెప్పించుకున్నాను. ఇంటికెళ్లాక సాక్ష్యం చెప్పుకోవాల్సింది నేనే కదా.

ఇంటికొచ్చేసరికి అత్తగారు స్నానానికి వెళ్లింది. మంచం మీద పడుకున్న కుక్క వేలాడే చెవిని తిరగేసి చూశాను. అదే పిప్పి. ఇన్నాళ్లూ ఆ బొచ్చు కింద ఎవరూ చూడలేదు. ఆవిడ రాగానే చూపించాను. కళ్లజోడు తెచ్చుకుని మరీ చూసింది.

"నీ పిల్లే అంటించుంటుంది."

"అయ్యుండొచ్చు అత్తయ్యగారూ. మరి దీన్ని కూడా కొవ్వూరు పంపిద్దామా?"

ఆవిడ కొడుకుని పిలిచి, కొవ్వూరూ వద్దు ఏమీ వద్దంది.

కుక్కకీ మందు వేయించాం. నెల పోయాక మళ్లీ చూపించడానికి ఇద్దరం ఒకే ఆటోలో వెళ్లాం, ఆవిడ ఒళ్లో కుక్క, నా ఒళ్లో బుట్ట. రెండింటి చెవులూ బాగున్నాయన్నారు డాక్టరు. ముందు దేనికొచ్చిందో చెప్పమని పట్టుబట్టింది ఆవిడ. అది చెప్పలేమండి అని నవ్వేశారాయన.

ఆటో ఎక్కాక ఆవిడ నా వైపు వంగింది. "నీ మొహం చూసి మొహమాటపడ్డారమ్మా ఆయన."

"మీ వయసు చూసి అనుకుంటానండి," అన్నాను.