ఎడమ గోలు, కుడి గోలు

మొన్న నాచారం ఇంట్లో అటక ఖాళీ చేస్తుంటే నాయన పాత టీవీ బయటపడింది. పాత సామాన్లు కొనేవాడు దాన్ని ఆటోలోకి ఎత్తుతుంటే ఆ మంచు మీది ఆట గుర్తొచ్చి, ఒక్కదాన్నే నవ్వుకున్నాను. ఆ రోజు ఎవరు గెలిచారో మాలో ఎవరికీ తెలియదు మరి.

అవి తెలంగాణ ఉద్యమం ముమ్మరంగా సాగుతున్న రోజులు. మా పై పోర్షన్‌లో తెనాలి వైపు నుంచి వచ్చిన బాబాయి, పిన్ని అద్దెకుండేవారు. చుట్టరికమేమీ లేదు, పిలుపే. జనగామ నుంచి వచ్చి ఫ్యాక్టరీలో చేరిన నాయనా, స్కూల్లో లెక్కలు చెప్పే బాబాయీ ఎప్పుడూ మా టీవీ ముందే క్రికెట్ చూసేవాళ్లు. రాష్ట్రం సంగతి మీద ఓ రోజు మాటా మాటా అనుకుని అది కాస్తా మానేశారు. నాయన నోట "తమ్మీ" పోయి "మీరు" వచ్చింది. ఆ "మీరు" భరించలేక బాబాయి ఇల్లు ఖాళీ చేస్తానంటున్నారని పిన్ని అమ్మ దగ్గర కళ్లొత్తుకుంది. పిన్ని లేని ఇల్లు తలుచుకుంటే నాకు అన్నం సయించలేదు.

ఆ ఆదివారం మధ్యాహ్నం బాబాయి ఆ మాట చెప్పడానికే కిందికి దిగారు. ఎక్కడో వాన పడి క్రికెట్ ఆగిపోతే, ఛానెల్‌వాళ్లు ఐస్ హాకీ ఫైనల్ ఏదో వేశారు. ఇక్కడేమో నాచారం ఎండ, ఫ్యాను తిరుగుతున్నా వేడిగాలే. మా టీవీలో రంగులు వెలిసిపోయి రెండు జట్లూ ఒకే నీలం. పైభాగం నల్లబడి స్కోరు కనపడదు. వాళ్లు కొట్టే ఆ నల్లబిళ్ల ఎక్కడుందో దేవుడికే తెలియాలి.

"ఏందిది? ఆడుతున్నరా, కొట్టుకుంటున్నరా?" అన్నాడు నాయన, గోడతో అన్నట్టు.

"కెనడా, అమెరికా అండి. పక్కపక్క దేశాలే, అస్సలు పడదు," అన్నారు బాబాయి, నిలబడే.

"ఎడమ గోలు కాడున్నోళ్లు నావోళ్లు."

"అయితే కుడివైపు మావాళ్లు."

పంతానికి బాబాయి కూర్చున్నారు. గోలు పడ్డప్పుడల్లా ఒకరు తొడ చరిస్తే ఇంకొకరు రిఫరీని తిట్టారు. అమ్మ అడక్కుండానే చాయ్ తెచ్చింది. చివరికి హారన్ మోగింది.

"గెలిసినం!" అని నాయన వేళ్ల మీది లెక్క చూపిస్తూ లేచాడు.

"సంతోషం. ఇంకో మాట చెబుదామని వచ్చానండి," అని బాబాయి గొంతు సవరించుకున్నారు. ఆయన్ని ఎలాగైనా ఆపాలి.

"నాయనా, పులిబొమ్మ ముసుగేసుకున్న గోల్‌కీపర్ మొదట ఎడమవైపే కదా ఉన్నాడు? మధ్యలో కుడివైపుకెందుకెళ్లాడు?" అన్నాను.

తెర మీద గోల్స్ మళ్లీ వేస్తుంటే ఇద్దరూ తేరిపార చూశారు. విరామం ఇచ్చినప్పుడల్లా జట్లు వైపులు మారుతున్నాయి. వీళ్లిద్దరూ మాత్రం కదలకుండా ఎడమకొకరు, కుడికొకరు కాపలా కాశారు.

"అంటే మధ్యల మీవోళ్లకు నేను సప్పట్లు కొట్టిన్నా?"

"నేనూ మీవాళ్లకి ఈల వేశానండీ!"

కప్పు ఎవరికిస్తారో చూద్దామనుకునేలోగా కరెంటు పోయింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుని పగలబడి నవ్వారు.

"కూసో తమ్మీ, కరెంటొస్తది," అన్నాడు నాయన.

కరెంటు ఎప్పటికో వచ్చింది. బాబాయి చెప్పాలనుకున్న మాట ఆ రోజే కాదు, రాష్ట్రం వచ్చాక కూడా చెప్పలేదు. ఎవరు గెలిచారని అడిగితే నాయన బతికున్నన్నాళ్లూ "మీ బాబాయే" అనేవాడు. బాబాయి ఇప్పటికీ "మీ నాన్నే" అంటారు. కాలం ఆ ఇద్దరి వైపులూ ఎప్పుడు మార్చేసిందో, పక్కనే కూర్చున్న నేను కూడా చూడలేదు.