అందించని మాట

ఈ సంగతి ఇప్పటిదాకా ఎవరికీ చెప్పలేదు. మా ఆయనకీ చెప్పలేదు. చర్చిలో ఫాదర్ దగ్గర పాపసంకీర్తనానికి వెళ్ళి, చిన్నాచితకా తప్పులన్నీ ఒప్పుకుని, దీన్ని మాత్రం మింగేసి లేచి వచ్చేదాన్ని. ఇన్నేళ్ళూ గుండెల మీద బరువుగా ఉన్నది ఇదే. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

ఎనభైల్లో, నూజివీడు నుంచి విస్సన్నపేట వెళ్ళే దారిలో, మామిడితోటల మధ్య సిస్టర్లు నడిపే ఆడపిల్లల బడీ, దానికో హాస్టలూ ఉండేవి. బి.ఏ. పాసై అక్కడ టీచరుగా చేరాను. హాస్టలు చూసుకునే సిస్టర్ ఇసబెల్‌ది స్పెయిన్ దేశం. తెలుగు ఆవిడకి పిల్లల దగ్గరే పట్టుబడింది. అందుకే ఫాదర్ గారినైనా సరే "ఇటు రావే" అనేసేవారు. ఇంగ్లీషు మాత్రం బొత్తిగా రాదు. పైవాళ్ళతో వ్యవహారమంతా ఇంగ్లీషులోనే. నేర్చుకోకపోతే వెనక్కి పంపేస్తారని ఆవిడ భయం.

రోజూ సాయంత్రం వరండాలో కూర్చునేవాళ్ళం. స్కూల్‌ని ఎస్కూల్ అనేవారు. మా వైపు ఇస్కూలే అంటారు కాబట్టి పిల్లలకి అందులో తప్పేమీ కనిపించలేదు. వెరీని బెరీ అనేవారు. మాట తట్టకపోతే నా పెదాల వైపు చూసేవారు. నేను చప్పుడు చేయకుండా పెదాలు కదిపేదాన్ని. ఆవిడ అందుకునేవారు. ఆ అలవాటు చేసింది నేనే. ఎందుకు చేశాను? పాఠం చెప్పడం సరిగా తెలియక అని చాలాకాలం నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. కాదు. ఆ చూపు నాకు ఇష్టం. నా నోటి మాట కోసం అలా ఎదురుచూసిన మనిషి నాకు అంతవరకూ లేదు.

జూన్‌లో బళ్ళు తెరిచినా తోటల్లో కాపు ఇంకా మిగిలే ఉండేది. కాపలాకని తోటపాకల్లోకి మారిన కూలివాళ్ళు ఆడపిల్లల్ని పంపేవాళ్ళు కాదు. రాలిన కాయలు ఏరాలి, చంటివాళ్ళని ఎత్తుకోవాలి. సిస్టర్ ఎండలో తోట తోటకీ తిరిగి, ఆ తల్లుల పక్కనే కూర్చుని కాయలు ఏరుతూ కబుర్లు చెప్పి, పొద్దు వాలేసరికి పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చేవారు. నేనెప్పుడూ వెంట వెళ్ళలేదు. నాకు ఎండ పడదని చెప్పేదాన్ని.

ఆఖరి ఏడాదికి ఆవిడకి ఇంగ్లీషు వచ్చేసింది. ఇది స్పష్టంగా చెప్పాలి. వచ్చేసింది. నాతో అవసరం తగ్గేకొద్దీ నాకు లోపల మంటగా ఉండేది. ఒకరోజు నేను తప్పు చెబితే దిద్దారు కూడా. నవ్వుతూనే దిద్దారు. నాకు నవ్వు రాలేదు.

ఆ వేసవిలో, బడి ఇంకా మూయకముందే, బెంగళూరు నుంచి మదర్ వచ్చారు. సిస్టర్‌ని ఇక్కడ ఉంచాలా వద్దా తేల్చడానికి. మదర్‌కి తెలుగూ రాదు, స్పానిషూ రాదు. నన్నూ గదిలోకి పిలిచి కూర్చోబెట్టి, ఇక్కడే ఎందుకు ఉండాలనుకుంటున్నావని సిస్టర్‌ని ఇంగ్లీషులో అడిగారు. సిస్టర్ లేచి నిలబడి పిల్లల గురించి మొదలుపెట్టారు. కంగారులో మొదటి వాక్యం మధ్యలోనే ఆగిపోయారు. నా పెదాల వైపు చూశారు.

ఆ మాట నాకు తెలుసు. ముందురోజు సాయంత్రమే ఇద్దరం అనుకున్నాం. నేను తల వంచుకుని చీర కుచ్చిళ్ళు సర్దుకున్నాను.

మదర్ నా వైపు తిరిగి, ఈమెకి ఇంగ్లీషు వస్తుందా అని అడిగారు. "ప్రయత్నిస్తున్నారు మదర్. కానీ రావడం లేదు. ఇక వస్తుందని కూడా నేననుకోను" అన్నాను. నెమ్మదిగా, ఎక్కడా తడబడకుండా, ఇంగ్లీషులో అన్నాను.

సిస్టర్‌కి అందులో ప్రతి మాటా అర్థమైంది. నన్ను వదలనిది అదే. ఆ మాటలన్నీ నేను నేర్పినవే.

బయటికొచ్చాక వరండాలో నా చెయ్యి పట్టుకున్నారు.

"నాకు వచ్చు కదే, టీచర్?"

"వచ్చు సిస్టర్."

"మరి?"

పిల్లల భోజనాల వేళయిందని చెయ్యి విడిపించుకుని లోపలికి వెళ్ళిపోయాను.

వానలు పడకముందే ఆవిడని పంపేశారు. హాస్టలు నాకు అప్పగించారు. బడి తెరిచారు. ఏడో తరగతికి రావలసిన రత్నం అనే అమ్మాయి తోట నుంచి రాలేదు. లెక్కలు చకచకా చేసే పిల్ల. ఎవరూ పిలవడానికి వెళ్ళలేదు. ఎవరూ ఏమిటి, నేనే వెళ్ళలేదు. ఆ తర్వాత ఇంకొందరు. రాత్రిళ్ళు హాల్లో పిల్లలు పరుచుకునే చాపలు తగ్గుతూ వచ్చాయి. సిస్టర్ చెప్పబోయిన వాక్యం ఆ పిల్లల కోసమే.

రిటైరయ్యాను. పొద్దువాలే వేళ ఒక్కదాన్నే కూర్చుంటే, ఎవరో ఎదురుగా నా మొహంలోకి చూస్తున్నట్టు ఉంటుంది. తెలియకుండానే పెదాలు కదులుతాయి. వంట మనిషి చూసి ప్రార్థన చేసుకుంటున్నాననుకుంటుంది. నేను కాదనను.

నేను మాట అందించినా మదర్ పంపేసేవారేమో. అలా అనుకుని నిద్రపోయిన రోజులున్నాయి. అది కూడా తప్పించుకోవడమే కదా? క్షమించమని మిమ్మల్ని అడగను. ఆ హక్కు మీకు లేదు. ఆ హక్కు ఉన్నవాళ్ళని అడిగే ధైర్యం నాకు లేదు.

సిస్టర్ ఇసబెల్‌కి ఇంగ్లీషు వచ్చు. బాగా వచ్చు. ఆరోజు మదర్‌కి నేను చెప్పవలసింది ఇదొక్కటే. ఇప్పటికి చెప్పాను.