హెప్సిబా ఆంటీ చెప్పని సాక్ష్యం

అమెరికాలోని కమ్మింగ్‌లో తెలుగు క్రైస్తవుల ఇళ్లల్లో ఎవరికి కష్టమొచ్చినా ముందు గుర్తొచ్చే మనిషి హెప్సిబా ఆంటీ. వీసా ఆగినా, పిల్లాడికి జ్వరం తగ్గకపోయినా, అత్తాకోడళ్లకి మాటామాటా వచ్చినా, "ఆంటీకి చెప్పు, ప్రార్థన చేస్తుంది" అంటారు. చేస్తుంది కూడా. నరసాపురంలో హైస్కూలు పిల్లలకి సోషల్ పాఠాలు చెప్పి రిటైరై, భర్త పోయాక కూతురు దీవెన దగ్గరికి వచ్చేసిన మనిషి. కారు నడపడం రాదు, ఇంగ్లీషు సీరియళ్లు ఎక్కవు. పొద్దున లేస్తే ఆవిడకి మిగిలిన ఉద్యోగం ప్రార్థనే.

ఆవిడ ప్రార్థనకి ఒక పద్ధతి ఉంది. సంగతి పూర్తిగా విన్నవిస్తుంది. ఎవరికి బాగాలేదు, ఎక్కడ పని చేస్తారు, డాక్టరు ఏమన్నాడు, దానికి అత్తగారు ఏమంది, అన్నీ దేవుడికి కొత్తగా చెబుతున్నట్టు వరసగా చెప్పి, చివర్లో "నీకు సమస్తమూ తెలుసు తండ్రీ" అంటుంది. అప్పటికి వింటున్న వాళ్లందరికీ కూడా సమస్తమూ తెలిసిపోతుంది. దీన్ని ఎవరూ తప్పనుకోలేదు. మన కూడికల్లో ఉన్న సౌకర్యమే అది. పక్కింటి సంగతి ఊరికే చెబితే చాడీ అవుతుంది, కళ్లు మూసుకుని చెబితే విన్నపం అవుతుంది.

రోజూ పొద్దున పిల్లలు స్కూల్ బస్ ఎక్కాక ఫోన్‌లో ప్రార్థన ఉంటుంది. వేరే రాష్ట్రంలో ఉన్న హెర్న్‌డన్ నుంచి వసుమతి గారు నడిపిస్తారు. పడమటి తీరాన రెడ్‌మండ్ వాళ్లకి అప్పటికి ఇంకా తెల్లారదు గానీ భక్తి గలవాళ్లు దుప్పట్లోంచే కలుస్తారు. ఆ ఫోన్‌లోనే, ఈస్టర్ ముందు ఉపవాసాలుండే శ్రమ దినాలు మొదలవడానికి కొద్దిరోజుల ముందు, హెప్సిబా ఆంటీ నమ్రత పేరెత్తింది.

నమ్రత వాళ్ల సంఘంలోని అమ్మాయే. ఆదివారం ఆరాధనకి ఆంటీని తన కార్‌లో తీసుకెళ్లి దింపేది. భర్త రుత్విక్‌కి రెడ్‌మండ్‌లో ఉద్యోగం వచ్చిందనీ, తన ప్రాజెక్టు అయ్యాక తనూ వెళుతుందనీ అందరికీ చెప్పింది. ఒక ఆదివారం చర్చి పార్కింగ్‌లో కారు ఆపి, స్టీరింగ్ మీద తల ఆన్చి ఏడ్చింది. ఉద్యోగం సాకు మాత్రమేనట. కలిసి ఉండలేక కొన్నాళ్లు విడిగా ఉందామనుకున్నారట. వారానికోసారి మాట్లాడుకుంటున్నారు, మళ్లీ కలుస్తామేమోనన్న ఆశ ఇంకా ఉంది, రెండు వైపులా పెద్దవాళ్లకి తెలియదు. ఆంటీ ఆ పిల్ల వీపు నిమిరి తనూ ఏడ్చింది. ఆ ఏడుపులో అబద్ధం ఏమీ లేదు.

అబద్ధం లేకపోబట్టే పొద్దున ఫోన్‌లో గుండె నిండా ప్రార్థించింది. "నమ్రత, రుత్విక్ విడిపోయి ఉన్నారు ప్రభువా, వాళ్ల కాపురం నిలబెట్టు" అంది. పార్కింగ్‌లో ఏడుపుతో సహా చెప్పింది. వసుమతి గారు నమ్రత తల్లికి వరసకి చెల్లెలు. ఆవిడ కూడా ప్రేమతోనే తెనాలిలో ఉన్న ఆ అక్కకి ఫోన్ చేసింది. సాయంత్రానికల్లా రెండు కుటుంబాలూ రెండు పక్షాలైపోయాయి. మా అబ్బాయిని అన్నారంటే మా అమ్మాయిని అన్నారు. ఇంటి గుట్టు రచ్చకీడ్చావని రుత్విక్ నమ్రతకి ఫోన్ చేయడమే మానేశాడు.

నమ్రత ఆంటీకి ఒక్కసారే ఫోన్ చేసింది. "ఆంటీ, మీకొక్కరికే చెప్పాను" అని పెట్టేసింది. ఆ తర్వాత ఆరాధనకి రావడం మానేసింది.

హెప్సిబా ఆంటీకి ఎక్కడ తప్పు జరిగిందో మొదట అర్థమే కాలేదు. ప్రార్థించడం తప్పెలా అవుతుంది? తను ఎవరితో చెప్పింది, దేవుడితోనే కదా. మరి దేవుడితో చెప్పేటప్పుడు మిగతావాళ్లు ఎందుకు ఉన్నారు? ఈ ప్రశ్న వచ్చినప్పుడల్లా లేచి ఏదో ఒక పని వెతుక్కునేది. కొన్నాళ్లు వసుమతి గారి మీద కోపం పెట్టుకుని చూసింది. కుదరలేదు. తను చెప్పకపోతే ఆవిడ మోయడానికి ఏముంది?

శ్రమ దినాలు మొదలయ్యాయి. ఆవిడ కాఫీ మానేసింది. నలభై ఏళ్ల అలవాటు, మధ్యాహ్నానికి తల పగిలిపోయేది. ఇంత బాధ పడుతున్నాను కదా, ఇక మనసు తేలికపడాలి అనుకునేది. తలనొప్పే మిగిలింది. రాత్రి భోజనం కూడా మానేసింది. నీరసంతో విసుగొచ్చి మనవడి మీద కేకలేసింది. చివరికి భర్త చేయించిన గాజులు దేవుని పనికి ఇచ్చేస్తానని పాస్టర్ గారి భార్యతో అనేసింది.

దీవెనకి ఒళ్లు మండింది. "నమ్రతకి అన్యాయం చేసి గాజులు చర్చికి ఇస్తానంటావేంటమ్మా? నీ గాజులు ఆ పిల్లేం చేసుకుంటుంది? దేవుడు మాత్రం ఏం చేసుకుంటాడు?" అంది.

ఆంటీ పశ్చాత్తాపం మీద ఎన్నో ప్రసంగాలు వింది, సండే స్కూలు పిల్లలకి తనే పాఠం చెప్పింది. తన దాకా వచ్చేసరికి ఎటు తిరగాలో దిక్కు తోచలేదు.

పాస్టర్ గారు మంచి ఉపాయం చెప్పారు. వచ్చే నెల మొదటి ఆదివారం రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ప్రభువు బల్ల ఉంది. రొట్టె తీసుకునే ముందు సంఘమంతటి ఎదుట లేచి తప్పు ఒప్పుకుని సాక్ష్యం చెప్పమన్నారు. చాలామందికి ఆశీర్వాదకరంగా ఉంటుందన్నారు. ఆంటీకి ప్రాణం లేచొచ్చింది. వంట చేస్తూ, బట్టలు మడతపెడుతూ సాక్ష్యం అల్లుకుంది. ఎక్కడ గొంతు వణుకుతుందో, ఎక్కడ ఆగాలో కూడా తెలిసిపోయింది. అలా తెలియడం ఆవిడకే కొంచెం సిగ్గనిపించింది గానీ పట్టించుకోలేదు.

ఆ ఆదివారానికి ముందు రోజు, శనివారం మధ్యాహ్నం దీవెన ఆవిణ్ణి నమ్రత అపార్ట్‌మెంట్ దగ్గర దింపింది. ముందు ఆ పిల్లని అడిగి రమ్మంది. జార్జియాలో అవి పైన్ చెట్ల పుప్పొడి రోజులు. కార్ల మీద, మెట్ల మీద, రెయిలింగు మీద పసుపు చల్లినట్టు ఉంది. నమ్రత తలుపు తీసింది గానీ లోపలికి రమ్మనలేదు. తనే బయటికొచ్చి తలుపు దగ్గరగా వేసి, మెట్టు మీద కూర్చుంది. ఆంటీ కింది మెట్టు కొంగుతో తుడుచుకుని కూర్చుంది. కొంగంతా పచ్చగా అయింది.

తెచ్చుకున్న మాటలన్నీ అప్పజెప్పింది. తప్పయిపోయిందంది. కాఫీ మానేసిన సంగతి, గాజుల సంగతి చెప్పింది. రేపు అందరి ముందూ ఒప్పుకోబోతున్నానంది.

"రేపు నా పేరు చెప్తారా ఆంటీ?"

"అయ్యో, చెప్పనమ్మా. ఒక సహోదరి అంటాను."

"ఆ సహోదరి ఎవరో తెలియనివాళ్లు అక్కడ ఒక్కరున్నారా?"

ఆంటీ కొంగుకి అంటిన పుప్పొడి దులుపుకోబోయింది.

"మీరు ఏడుస్తూ చెప్తారు. అందరూ వచ్చి మీ చేతులు పట్టుకుంటారు. మీ బరువు దిగిపోతుంది. తర్వాత వాళ్లంతా మా అమ్మకి ఫోన్ చేస్తారు." నమ్రత గొంతు పెంచలేదు. కాసేపు రెయిలింగు మీద పుప్పొడి వేలితో గీసుకుంటూ కూర్చుంది. "రుత్విక్ మొన్న మెసేజ్ పెట్టాడు. ఇన్నాళ్లకి. ఎలా ఉన్నావు అని, అంతే. ఎవరికీ చెప్పలేదు. మీకెందుకు చెప్తున్నానో నాకే తెలీట్లేదు."

ఆంటీ ఆ పిల్ల ముఖంలోకి చూసింది. ఇంత జరిగాక కూడా ఈ పిల్ల తన చేతుల్లోనే పెడుతోంది. సంతోషించాలో భయపడాలో తెలియలేదు.

"నేనేం చేయాలో చెప్పు తల్లీ, చేస్తాను" అంది.

"ఏమీ చేయొద్దు. నా గురించి ఎక్కడా మాట్లాడొద్దు, మంచిగా కూడా. ఇక్కడికి వచ్చారని కూడా ఎవరికీ చెప్పొద్దు. చేయగలరా?"

చేస్తానంది. లేచేముందు, అడగకూడదనుకుంటూనే, నన్ను క్షమించావా అని అడిగింది.

"తెలీదు ఆంటీ. ఇప్పుడు అడక్కండి" అంది.

కార్‌లో దీవెన ఏమైందని అడిగితే, సాక్ష్యం చెప్పడం లేదు అని మాత్రం చెప్పింది. కూతురు మళ్లీ అడగలేదు.

మర్నాడు మధ్యాహ్నం, అమెరికన్ల ఆరాధన అయ్యాక మనవాళ్లకిచ్చే హాల్లో ఎప్పటికన్నా ఎక్కువమంది చేరారు. ఆంటీ ఏదో ఒప్పుకోబోతుందని ఎలాగో పాకింది. పాటలయ్యాయి. పాస్టర్ గారు ఆప్యాయంగా నవ్వి, హెప్సిబమ్మ గారు ఒక ముఖ్యమైన సాక్ష్యం చెబుతారని ప్రకటించి మైకు పట్టుకుని నిలబడ్డారు. ఆంటీ లేచింది. లోపల అల్లిపెట్టుకున్న మాటలన్నీ గొంతు దాకా వచ్చాయి. చెబితే ఇప్పుడే, ఇక్కడే, ఈ బరువంతా పోతుంది. ఆవిడకి పోవాలనే ఉంది.

"సాక్ష్యం లేదండీ" అంది. కూర్చుంది.

పాస్టర్ గారి ముఖం చిన్నబోయింది. తర్వాత రొట్టె ముక్కల పళ్లెం వరసలోకి వచ్చింది. ఒకరికి చేసిన తప్పు సరిదిద్దుకోకుండా రొట్టె ముట్టకూడదంటారు. తీసుకోవాలా? క్షమాపణ అడిగింది, దొరకలేదు. దొరకలేదా, ఇంకా రాలేదా? ఇన్నేళ్లలో ఆవిడ పళ్లెం వదిలిన రోజు లేదు. వదిలితే చూసేవాళ్లు ఏమనుకుంటారో ఆవిడకి బాగా తెలుసు, ఇంకొకరి విషయంలో తనూ అలాగే అనుకుంది. చేయి సగం చాచి, వెనక్కి తీసుకుని, పళ్లెం పక్కావిడకి అందించింది. చేతికి గాజులు అలాగే ఉన్నాయి. పక్కావిడ రొట్టె కన్నా ముందు వాటిని చూసింది.

సోమవారం పొద్దున మనవడు బస్ ఎక్కాక, వంటింట్లో బల్ల మీద ఫోన్ పెట్టి స్పీకర్ ఆన్ చేసి ఆంటీ ప్రార్థనలో కలిసింది. తన వైపు మ్యూట్‌లో ఉంచింది. దీవెన ఆఫీస్‌కి బయలుదేరబోతూ టిఫిన్ డబ్బా సర్దుకుంటోంది.

వసుమతి గారు విన్నపాలు చదివారు. ఎవరికో ఇంటర్వ్యూ, ఎవరికో మోకాలి ఆపరేషన్. తర్వాత ఆవిడ గొంతు మెత్తబడింది.

"మన హెప్సిబా ఆంటీ కోసం ప్రత్యేకంగా ప్రార్థిద్దాం. ఒక బిడ్డ కాపురానికి జరిగిన నష్టం ఒప్పుకుంటానని లేచి, ఒప్పుకోలేకపోయింది తండ్రీ. బల్లలో కూడా చేయి వేయలేకపోయింది. నీకిస్తానన్న గాజులు కూడా ఉంచేసుకుంది. ఆ బిడ్డ గడప తొక్కి ఒక్క మాట అడగడానికి ఆమెకి మనసు రావడం లేదు. కఠినపడిన ఆ హృదయాన్ని కరిగించు ప్రభువా."

ఆంటీ ఫోన్ దగ్గరికి జరిగింది. గడప తొక్కాను అని ఒక్క మాట అంటే చాలు. మెట్టు మీద కూర్చున్నాను, నా కొంగుకి పుప్పొడి ఇంకా వదల్లేదు అంటే చాలు, ఊళ్లన్నీ నోరు మూసుకుంటాయి. ఆ తర్వాత అందరూ అడుగుతారు, ఏమందట, అతను మాట్లాడుతున్నాడా అని. మధ్యాహ్నానికి తెనాలి, అక్కణ్ణుంచి రెడ్‌మండ్. వేలు మ్యూట్ బటన్ మీదికి వెళ్లింది.

"చెప్పేయమ్మా. నేనే దింపాను నిన్ను. ఇంత మాట పడతావా?" అంది దీవెన, కళ్లనిండా నీళ్లతో.

ఆంటీ కూతురి వైపు అయోమయంగా చూసింది. ఇది పశ్చాత్తాపమో, పిరికితనమో, ఉత్త మొండితనమో ఆవిడకి ఈ క్షణాన కూడా తేలలేదు. కాఫీ మానేసినప్పుడు ఇది దేవుడికి అని గట్టిగా అనుకుంది. ఇప్పుడు అలా ఏమీ అనిపించలేదు. ఒళ్లంతా మండుతోంది, మెట్టు మీద ఆ పిల్ల ముఖం కళ్ల ముందు నుంచి కదలడం లేదు, అంతే.

"ఆమెని ప్రేమించే వాళ్లందరూ ఆమేన్ చెప్పండి" అన్నారు వసుమతి గారు.

హెర్న్‌డన్‌లోంచి ఒకరు, రెడ్‌మండ్‌లోంచి నిద్రగొంతుతో ఒకరు, కమ్మింగ్ వాళ్లు నలుగురైదుగురు చెప్పారు. హెప్సిబా ఆంటీ మ్యూట్ తీసింది. ఆవిడ లైన్‌లో ఉందని అవతల అందరికీ అప్పుడు తెలిసింది.

"ఆమేన్" అంది ఆంటీ. మళ్లీ మ్యూట్ చేసుకుంది.